మెషీన్ ఆఖరున కొనాలి: హైదరాబాద్ ఇంట్లో మంచి ఎస్ప్రెస్సో

హైదరాబాద్‌లో ఇంటికి ఎస్ప్రెస్సో మెషీన్ కొన్నవాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే ఒకే మాట అంటారు, "కెఫేలో తాగిన రుచి ఇంట్లో రావట్లేదు" అని. పైన నురగ కనిపిస్తుంది, కాఫీ వేడిగానే ఉంటుంది. తాగితే మాత్రం పుల్లగానో, మాడు చేదుగానో, నీళ్లలా పలచగానో ఉంటుంది. తప్పు మెషీన్‌దే అనుకుని ఇంకాస్త ఖరీదైన దాని కోసం వెతకడం మొదలవుతుంది. డబ్బు అక్కడే వృథా అవుతుంది. చాలా ఇళ్లలో మెషీన్ బాగానే ఉంటుంది. తేడా వచ్చేది అందులో వేసిన పొడితో, పోసిన నీళ్లతో. అందుకే ఎస్ప్రెస్సో కోసం ఇంట్లో పెట్టే ఖర్చులో పెద్ద వాటా గింజలను పొడి చేసే గ్రైండర్‌కు పోవాలి, మెషీన్ వంతు ఆఖరున రావాలి. దుకాణాల్లో, ప్రకటనల్లో వరస సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది.

9 బార్లు అంటే ఎంత?

స్టీలు ఫిల్టర్‌లో డికాషన్ తన బరువుకు తానే చుక్కచుక్కగా దిగుతుంది. దాని చిక్కదనం నిదానం వల్ల వస్తుంది. ఎస్ప్రెస్సోలో ఆ పనిని ఒత్తిడి చేస్తుంది. 18 గ్రాముల పొడిని చిన్న గిన్నెలాంటి బాస్కెట్‌లో నొక్కి, 90 నుంచి 96 డిగ్రీల వేడి నీటిని సుమారు 9 బార్ల ఒత్తిడితో తోస్తే, 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల కాఫీ దిగుతుంది. ఇది అందరూ మొదలుపెట్టే కొలత, దీన్నే డబల్ షాట్ అంటారు.

వంటింట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల, బయటి గాలి కంటే అదనంగా ఉండే ఒత్తిడి సుమారు 1 బార్. ఎస్ప్రెస్సోకు దానికి తొమ్మిది రెట్లు కావాలి. 58 మిల్లీమీటర్ల బాస్కెట్ మీద లెక్క వేస్తే, ఆ చిన్న పొడి బిళ్ల మీద దాదాపు 240 కిలోల బరువు పెట్టినట్టు. పొడిని ట్యాంపర్‌తో 15 కిలోల బలంతో నొక్కాలా, 20 కిలోలతో నొక్కాలా అని టెన్షన్ పడాల్సిన పని లేదనడానికి ఈ లెక్క చాలు. బిళ్ల సమతలంగా ఉంటే మిగతాది నీళ్లే నొక్కుతాయి.

ఈ ఒత్తిడి కాఫీకి మొదటి నుంచీ లేదు. 1901లో మిలాన్‌లో లూయిజీ బెజ్జేరా పేటెంట్ తీసుకున్న యంత్రం ఆవిరి బలంతో పనిచేసేది. అందులో వచ్చే ఒత్తిడి 1.5 బార్ల దరిదాపుల్లోనే. అంతకు మించితే నీళ్లు మరీ వేడెక్కి కాఫీ మాడిపోయేది. అకిలె గాజియా 1940లలో స్ప్రింగ్‌తో పనిచేసే లివర్ (చేత్తో లాగే మీట) తెచ్చాక ఒత్తిడి ఒక్కసారిగా పెరిగింది, కాఫీ మీద తేనెరంగు నురగ, అంటే క్రెమా, అప్పుడే కనిపించింది. 1961లో వచ్చిన ఫేమా ఇ61 మెషీన్ ఆ పనిని విద్యుత్ పంపుకు అప్పగించింది. ఈ పాత సంగతి ఇవాళ కొనేవారికీ పనికొస్తుంది. పంపు లేకుండా, మూత బిగించి ఆవిరి పట్టించే చిన్న యంత్రాలను ఇప్పటికీ 'ఎస్ప్రెస్సో మేకర్' అని అమ్ముతున్నారు. పని తీరులో అవి బెజ్జేరా కాలానివే. వాటితో చిక్కటి కాఫీ వస్తుంది గానీ ఎస్ప్రెస్సో రాదు.

డబ్బా మీద 15 బార్లు, 20 బార్లు అని పెద్ద అక్షరాలతో రాసే అంకె పంపు ఎంత వరకు తోయగలదో చెబుతుంది. కాఫీకి కావలసింది 9 చుట్టూనే కాబట్టి మంచి మెషీన్లలో అదనపు ఒత్తిడిని ఒక వాల్వ్ బయటికి వదిలేస్తుంది. 20 అని రాసి ఉన్నది 15 కంటే మెరుగని అనుకోనక్కర్లేదు.

పొడిలోనే ఉంది అసలు విషయం

అంత ఒత్తిడితో వచ్చే నీటికి ఎదురు నిలిచేది పొడి ఒక్కటే. పొడి ముతకగా ఉంటే నీళ్లు పది సెకన్లలో దూకేస్తాయి, మరీ మెత్తగా ఉంటే చుక్క కూడా దిగదు. సరైన మెత్తదనం ఈ రెండింటి మధ్య చాలా ఇరుకైన చోట ఉంటుంది. ఉప్మా రవ్వలా ఉంటే లాభం లేదు, మైదాలా జారినా లాభం లేదు. సన్న ఉప్పు కంటే మెత్తగా, వేళ్ల మధ్య రుద్దితే ఇంకా కాస్త గరుకు తగిలేలా ఉండాలి. గ్రైండర్ మీద ఒక్క గీత అటూ ఇటూ అయితే అదే కాఫీ 20 సెకన్లలో వస్తుంది, లేదంటే 40 పడుతుంది.

ఇంట్లో మిక్సీ ఉంది కదా అనిపించడం సహజం. మిక్సీ బ్లేడు గింజను నరుకుతుంది, నలగ్గొట్టదు. అందువల్ల ఒకే జార్‌లో దుమ్ములాంటి పొడీ, రవ్వలాంటి పలుకులూ కలిసే ఉంటాయి. దుమ్ము నుంచి చేదు దిగిపోతుంది, పలుకుల నుంచి పులుపు తప్ప ఇంకేమీ రాదు. కప్పులో రెండూ ఒకేసారి నాలుకకు తగులుతాయి. బర్ గ్రైండర్ తిరగలి లాంటిది. రెండు పళ్ల చక్రాల మధ్య ఎంత సందు పెడితే గింజ అంతకు నలిగి బయటికి వస్తుంది. ఆ సందును అతి చిన్న మెట్లతో మార్చుకోగలగడం, మార్చాక అది కదలకుండా ఉండడం, ఈ రెండింటికే గ్రైండర్‌కు డబ్బు పెట్టేది.

గింజలను దుకాణంలోనే మర పట్టించి తెచ్చుకుంటే మూడు చిక్కులు. ఇంటి మెషీన్‌కు ఏ మెత్తదనం కావాలో దుకాణదారుకు తెలియదు. తెలిసినా ఆ ప్యాకెట్ ఖాళీ అయ్యేలోగా మెత్తదనం మార్చాల్సి వస్తుంది, ఎందుకంటే గింజ పాతబడేకొద్దీ, జూలైలో గాలి తేమెక్కేకొద్దీ షాట్ వేగం మారుతుంది. పైగా పొడి చేసిన కాఫీ వాసన నిమిషాల్లోనే తగ్గడం మొదలవుతుంది.

దీనికి అడ్డదారిగా తక్కువ ధర మెషీన్లలో 'ప్రెషరైజ్డ్ బాస్కెట్' ఇస్తారు. అడుగున రెండు పొరలుండి, కింది పొరకు సూది మొనంత ఒకే ఒక రంధ్రం ఉంటుంది. పొడి ఎలా ఉన్నా ఆ రంధ్రమే ఒత్తిడి పుట్టిస్తుంది, కాఫీని చిలికి నురగ చేస్తుంది. పొడి ప్యాకెట్ తెచ్చి వాడేవారికి ఇదొక సౌకర్యమే. కానీ ఆ నురగను చూసి కాఫీ బాగా దిగిందని అనుకోకూడదు. గ్రైండర్ వచ్చిన రోజు ఆ బాస్కెట్ తీసేసి ఒకే పొర ఉన్నది పెట్టుకోవాలి. అదే మెషీన్‌లో రుచి ఎంత మారుతుందో అప్పుడు తెలుస్తుంది.

చేత్తో తిప్పే గ్రైండర్లలో ఎస్ప్రెస్సోకు పనికొచ్చేంత సన్నటి మెట్లున్నవి సుమారు పది వేల రూపాయల దగ్గర మొదలవుతాయి. 18 గ్రాములు తిప్పడానికి ఒక నిమిషం పడుతుంది, చేయి కాస్త నొప్పెడుతుంది. అదే నాణ్యత కరెంటు గ్రైండర్‌లో కావాలంటే రెట్టింపు, అంతకంటే ఎక్కువే అవుతుంది. ఇంట్లో రోజుకు రెండు మూడు షాట్లు తాగేవారికి చేతి గ్రైండర్‌ను మించిన బేరం లేదు.

బుంగ పడిన కట్ట

గ్రైండర్ బాగున్నా ఒక్కోసారి షాట్ పాడవుతుంది. చెరువు కట్టలో మట్టి ఒకచోట గుల్లగా ఉంటే నీళ్లు అక్కడే బుంగ వేసుకుని పోతాయి, మిగతా కట్ట పొడిగానే ఉండిపోతుంది. కాఫీ బిళ్లలోనూ అదే జరుగుతుంది, దీన్ని ఛానలింగ్ అంటారు. బుంగ పడిన చోట పొడి అతిగా పిండబడి చేదు వస్తుంది, మిగతా చోట సగమే దిగి పులుపు వస్తుంది. పులుపూ చేదూ కలిసి తగిలితే మొదట అనుమానించాల్సింది దీన్నే. దీనికి ఖర్చు లేని వైద్యం ఉంది. నాలుగైదు సన్న సూదులను ఒక బిరడాకు గుచ్చి, నొక్కేముందు బాస్కెట్‌లోని పొడిని అడుగు దాకా కలియబెట్టి ఉండలు విడదీయాలి. 2005లో జాన్ వైస్ అనే కాఫీ ప్రియుడు చెప్పిన ఈ చిట్కా ఆయన పేరు మీదే 'వైస్ డిస్ట్రిబ్యూషన్ టెక్నిక్', పొట్టిగా డబ్ల్యూడీటీ, అయింది.

తూకం మాత్రం కచ్చితంగా ఉండాలి. 0.1 గ్రాము వరకు చూపించే, బంగారం తూచే తరహా చిన్న త్రాసు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. వేసిన పొడి, దిగిన కాఫీ, పట్టిన సెకన్లు, ఈ మూడూ రాసుకుంటూ ఒకసారికి ఒక్కటే మార్చాలి. పొడి 18, కాఫీ 36 దగ్గర ఆపి రుచి చూడాలి. షాట్ త్వరగా దిగి పుల్లగా, పలచగా ఉంటే ఇంకాస్త మెత్తగా పట్టాలి. నిదానంగా దిగి నాలుక మీద వగరు, చేదు నిలిచిపోతే కాస్త ముతక చేయాలి. నీళ్లు గింజ నుంచి పులుపును ముందు తీసుకుంటాయి, తీపి తర్వాత వస్తుంది, చేదు ఆఖరున దిగుతుంది. ఈ వరస గుర్తుంటే ఎటు తిప్పాలో నాలుకే చెబుతుంది.

కొత్త ప్యాకెట్ తెరిచినప్పుడల్లా కుదురుకునేలోపు మూడు నాలుగు షాట్లు పోతాయి. ఇది ముందే లెక్కలో వేసుకోవాలి. 250 గ్రాముల ప్యాకెట్‌లో డబల్ షాట్లు పదమూడే వస్తాయి. ప్యాకెట్ 500 రూపాయలనుకుంటే షాట్‌కు గింజల ఖర్చే 36 రూపాయలు. కుదురుకోడానికి పోయినవి తీసేస్తే 50 దాటుతుంది. చిన్న ప్యాకెట్లలో రోజుకో రకం మార్చి చూసే అలవాటు ఎస్ప్రెస్సోకు కలిసిరాదు.

హైదరాబాద్ నీళ్లు

వేరే ఊళ్లవాళ్లు రాసిన సలహాలను ఇక్కడ గుడ్డిగా పాటిస్తే దెబ్బతినేది ఈ ఒక్క విషయంలోనే. నగరంలో కుళాయికి వచ్చే నీళ్లు మంజీరా, కృష్ణా, గోదావరి నుంచి వచ్చేవి. నది నీళ్లు కాబట్టి లవణాలు కాస్త తక్కువ. కానీ కొత్తగా పెరిగిన కాలనీల్లో, ముఖ్యంగా పడమటి వైపు అపార్ట్‌మెంట్లలో, బోరు నీళ్లూ ట్యాంకర్ నీళ్లూ కలిసే పైకెక్కుతాయి. గ్రానైట్ పగుళ్లలోంచి వచ్చే బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. టీడీఎస్, అంటే లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాల మిల్లీగ్రాముల లెక్క, 500 దాటడం వింతేమీ కాదు. గీజర్ రాడ్ మీద పేరుకునే సున్నం, స్టీలు బకెట్ అంచున తెల్ల గీత, కుళాయి మూతికి పట్టే పెచ్చు, అన్నీ ఈ లవణాలే. మెషీన్ బాయిలర్‌లో కూడా అదే పేరుకుంటుంది. అక్కడి గొట్టాలు గీజర్ గొట్టాల కంటే చాలా సన్నం. బోరు నీళ్లు పోస్తే ఎంత ఖరీదైన మెషీన్ అయినా త్వరగానే గొంతు పూడుకుపోతుంది.

అయితే ఆర్వో నీళ్లు పోద్దాం అనుకుంటే రెండో చిక్కు. చాలా ఇళ్ల ఆర్వో నీటి టీడీఎస్ 50 చుట్టూ, ఒక్కోసారి ఇంకా కిందే ఉంటుంది. కాఫీలోని రుచిని బయటికి లాగేది నీటిలోని ఆ కొద్దిపాటి ఖనిజాలే, అవి లేకపోతే కాఫీ చప్పగా, గుచ్చుకునే పులుపుతో వస్తుంది. మరీ శుద్ధమైన నీళ్లు లోహాన్ని తినేస్తాయి కూడా. నీటి మట్టాన్ని విద్యుత్ ప్రవాహంతో పసిగట్టే సెన్సర్లున్న మెషీన్లు అలాంటి నీటిని గుర్తించలేక ట్యాంకు ఖాళీ అని చూపిస్తాయి. కాఫీ నీటికి టీడీఎస్ 150 దగ్గర, కనీసం 75 నుంచి 250 మధ్య ఉండాలన్నది స్పెషాలిటీ కాఫీ రంగంలో అందరూ వాడే కొలత.

మధ్యేమార్గం ఇంట్లోనే దొరుకుతుంది. కొన్ని వందలకు దొరికే టీడీఎస్ మీటర్‌తో ముందు రెండు నీళ్లూ కొలవాలి. ఆర్వోకు టీడీఎస్ సర్దుబాటు చేసే స్క్రూ ఉంటే మెకానిక్ చేత 100 పైకి పెట్టించుకోవచ్చు, అదీ ఇంటికి వచ్చేది తాగడానికి పనికొచ్చే కుళాయి నీరైతేనే. బోరు నీరైతే ఆ స్క్రూ జోలికి పోకుండా, లీటరు ఆర్వో నీటికి 0.1 గ్రాము, అంటే పది లీటర్లకు 1 గ్రాము చొప్పున వంటసోడా కలపడం మేలు. బంగారపు త్రాసు ఇక్కడా పనికొస్తుంది. ఆ కాస్త సోడా పులుపు పదును తగ్గిస్తుంది, లోహాన్ని కాపాడుతుంది, సున్నం మాత్రం పట్టదు. రెండు మూడు నెలలకోసారి, మెషీన్ పుస్తకం ఒప్పుకుంటే, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పంపి, తర్వాత మంచి నీళ్లతో రెండు ట్యాంకులు కడిగేయాలి.

నగరం సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉండడంతో ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పంపు మెషీన్‌కు దీంతో పని లేదు. కెటిల్‌లో మరిగించి పోసుకునే చేతి లివర్ యంత్రాలకు మాత్రం ఉంది. పోసేసరికి నాలుగైదు డిగ్రీలు పోతాయి కాబట్టి యంత్రం తలను, అంటే నీళ్లు పోసే భాగాన్ని, ముందే వేడి నీటితో వెచ్చబెట్టుకోవాలి.

గింజలు

ఫిల్టర్ కాఫీ కోసం అమ్మే పొడిలో చికోరీ (ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి) ఉంటుంది. 80:20, 70:30, 60:40 పాళ్లు మామూలే, చట్టం 49 శాతం వరకు ఒప్పుకుంటుంది. చికోరీ నీళ్లలో తేలిగ్గా కరిగి జిగురుగా మారుతుంది. ఫిల్టర్‌లో ఆ గుణమే డికాషన్‌కు చిక్కదనం ఇస్తుంది, ఎస్ప్రెస్సో బాస్కెట్‌లో అదే నీళ్ల దారికి అడ్డుపడుతుంది. మెషీన్‌కు చికోరీ లేని గింజలే తేవాలి.

ప్యాకెట్ మీద గడువు తేదీ కంటే వేయించిన తేదీ ముఖ్యం. వేయించిన గింజ రోజుల తరబడి కార్బన్ డయాక్సైడ్ వదులుతూ ఉంటుంది. మూడో రోజే వాడితే నురగ విపరీతంగా వస్తుంది, రుచి కుదురుగా ఉండదు. వారం, పది రోజులు ఆగి, నెలన్నర లోపు వాడేయాలి. మే నెల వంటింటి వేడిలో డబ్బా స్టవ్ పక్కన పెడితే ఆ గడువు ఇంకా తగ్గుతుంది. ఫ్రిజ్‌లో చెమ్మ పడుతుంది కాబట్టి అక్కడా వద్దు. గాలి చొరని చిన్న పొట్లాలుగా కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే నిలుస్తాయి.

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీద గిరిజన రైతులు పండించే అరకు అరబికా రకం కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఈ గింజను మధ్యరకంగా వేయించినది దొరికితే పాలు లేని ఎస్ప్రెస్సోకు చాలా బాగుంటుంది. పాలతో తాగే ఇళ్లలో మాత్రం అరబికాలో పావు వంతు మంచి రోబస్టా (మరో రకం కాఫీ గింజ) కలిసిన మిశ్రమం మేలు. రోబస్టా అంటే చవక సరుకు అనే మాట మన గింజకు అన్యాయం చేస్తుంది. కడిగి శుద్ధి చేసిన భారతీయ రోబస్టాను ఇటలీవాళ్లు తమ ఎస్ప్రెస్సో మిశ్రమాల్లో క్రెమా కోసం, నోటికి తగిలే చిక్కదనం కోసం ఏళ్లుగా వాడుతున్నారు. లేతగా వేయించిన గింజలతో మొదలుపెట్టకపోవడం మంచిది, వాటి నుంచి రుచి రాబట్టడానికి చేయి తిరిగి ఉండాలి.

పాలు

కాఫీనీ పాలనూ విడివిడిగా తయారుచేసి కప్పులో కలపడం ఈ ఊరికి కొత్త కాదు. ఇరానీ చాయ్ పద్ధతే అది, డికాషన్ ఒక పాత్రలో, చిక్కగా కాగిన పాలు మరో పాత్రలో. తేడా ఒక్కటే. ఇరానీ చాయ్‌కి పాలు ఎంత కాగితే అంత రుచి, ఎస్ప్రెస్సోలో నురగ పాలు కలిపే కపుచినోకు పాలు 65 డిగ్రీలు దాటకూడదు. 60 దగ్గర పాలలోని తీపి బాగా తెలుస్తుంది. 70 దాటితే ప్రొటీన్ విరిగి కాగిన వాసన వస్తుంది, నురగ పెద్ద బుడగలై కూలిపోతుంది.

నురగ కట్టేది ప్రొటీన్, దానికి నునుపు ఇచ్చేది వెన్న. 3 శాతం వెన్న ఉన్న టోన్డ్ పాలు తేలిగ్గా నురగ కడతాయి గానీ పలచగా ఉంటాయి. 6 శాతం ఫుల్ క్రీమ్ కాఫీని కప్పేస్తుంది. 4.5 శాతం స్టాండర్డైజ్డ్ పాలు వీటి మధ్య చక్కగా కుదురుతాయి. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే కాబట్టి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలకు మెషీన్ ఆవిరి గొట్టంతో నేరుగా ఆవిరి పట్టొచ్చు. ఇంటికి తెచ్చి పోసే గేదె పాలైతే తప్పకుండా కాచి, చల్లార్చి, మీగడ వడగట్టి వాడాలి. మీగడ ముక్క ఒక్కటి మిగిలినా నురగ నునుపు పోతుంది.

ఇక మెషీన్

ఇంతదాకా చెప్పినవి కుదిరాక మెషీన్ ఎంపిక పెద్ద చిక్కేమీ కాదు. ముందు అడగాల్సింది, ఇంట్లో ఒకేసారి ఎన్ని పాల కాఫీలు కావాలని. ఒకే బాయిలర్ ఉన్నవాటిలో షాట్ తీశాక ఆవిరి వేడికి ఎక్కేదాకా ఆగాలి, మళ్లీ షాట్‌కు చల్లార్చాలి. ఇద్దరికి పర్వాలేదు. పండగపూట ఆరుగురు కూర్చున్నప్పుడు ఆఖరి కప్పు వచ్చేసరికి మొదటి కప్పు చల్లారిపోతుంది. అలాంటి రోజు ఫిల్టర్ డికాషన్‌దే పైచేయి, అందులో తక్కువతనం ఏమీ లేదు.

బాస్కెట్ కొలత కూడా చూసుకోవాలి. గాజియా క్లాసిక్ లాంటి వాటిది 58 మిల్లీమీటర్లు, కెఫే మెషీన్ల కొలతే కావడంతో విడి సామాన్లు ఎక్కడైనా దొరుకుతాయి. డెలోంగీ డెడికా లాంటి చిన్నవాటిది 51, వాటికీ ఒకే పొర బాస్కెట్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. రబ్బరు గాస్కెట్ ఏడాదికో రెండేళ్లకో గట్టిపడి కారుతుంది, అది ఊళ్లో దొరుకుతుందో లేదో కొనకముందే కనుక్కోవాలి. విదేశం నుంచి తెప్పించుకుంటే 230 వోల్టులదే తేవాలి. ఈ మెషీన్లు వెయ్యి వాట్ల పైనే లాగుతాయి కాబట్టి కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టర్ మీద నడవవు. ఫ్లెయిర్ లాంటి చేతి లివర్‌కు ఆ బాధ లేదు. ఆవిరి గొట్టం ఉండదు కాబట్టి అది పాలు లేకుండా తాగేవారి యంత్రం, ఆ వాడకంలో షాట్ నాణ్యత పెద్ద మెషీన్లకు తీసిపోదు.

ఇంకా తేల్చుకోలేని ఇంట్లో ముందు గ్రైండర్ ఒక్కటే కొనొచ్చు. దాన్ని కాస్త ముతకకు తిప్పి, అరలో ఉన్న స్టీలు ఫిల్టర్‌కు తాజా పొడి పట్టి ఒక నెల తాగి చూడాలి. 1933 నుంచి ఇటలీ వంటిళ్లలో ఉన్న, ఆవిరి ఒత్తిడితో కాఫీ దించే చిన్న పాత్ర మోకా పాట్ కూడా వెయ్యి, రెండు వేలలో దొరుకుతుంది. ఒత్తిడి ఒకటిన్నర బార్లే అయినా తాజా పొడితో చిక్కటి కాఫీ ఇస్తుంది, గ్యాస్ స్టవ్ మీదే అయిపోతుంది. చికోరీ లేని తాజా పొడి డికాషన్‌కు ఇంట్లోవాళ్లు అలవాటుపడి, ఇది చాలనుకుంటే మెషీన్ డబ్బు మిగిలినట్టే. ఇంకా చిక్కగా, ఇంకా ఘాటుగా కావాలని మనసు లాగితే, గ్రైండర్ గీతను మెత్తటి వైపు తిప్పితే చాలు, ఎస్ప్రెస్సో పొడి అప్పటికే చేతిలో ఉంటుంది.